ఆలస్యంగా దూకిన బొమ్మ

నేను కోపిష్టిని. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కొంచెం సులువవుతుంది. నారాయణఖేడ్‌లో తహసీల్ ఆఫీసుకు పోయే దారిలో నాకొక కంప్యూటర్ దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక షట్టరు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. పెండ్లి కార్డులు, పహాణీ దరఖాస్తులు, పిల్లల పరీక్ష ఫారాలు టైపు చేసి ఇచ్చేవాడిని. అప్పట్లో మా బజారు మొత్తంలో కంప్యూటర్ డబ్బా విప్పి మళ్లీ బిగించగలిగినవాళ్లు ఇద్దరే. ఆ రెండోవాడు కూడా నా దగ్గర నేర్చుకున్నవాడే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా, నాకు తెలియనిది లేదన్న పొగరు నాకు దండిగా ఉండేది.

మా అన్న నాకంటే పదేండ్లు పెద్ద. రెండెకరాల్లో కంది, జొన్న వేసేవాడు. కానీ ఊళ్లో ఎవరికీ ఆయన రైతుగా గుర్తు లేడు, డోలక్ కొట్టే మనిషిగానే గుర్తు. మాది తాతల కాలంలో మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. ఆదివారం చర్చిలో, బుధవారం ఇండ్లల్లో జరిగే ప్రార్థనల్లో, డిసెంబర్ నెలంతా సిర్గాపూర్ నుంచి నాగల్‌గిద్ద దాకా ఊరూరా తిరిగి పాడే క్రిస్మస్ పాటల్లో డోలక్ అన్నదే. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ రెండెకరాలే అయినా, అన్న తలెత్తుకొని తిరిగింది మాత్రం డోలక్ వల్ల.

మా పాటల గుంపులో ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి లేదు. డోలక్ కొట్టేవాడికి తాళం తప్పితే, తప్పావని ఎవరూ అనరు. వాడికే తెలియాలి. పాట అయ్యాక వాడే డోలక్‌ను పక్కవాడి వైపు జరపాలి. ఒకసారి జరిపాక మళ్లీ ఇటివ్వమని అడగకూడదు. అన్నకు కూడా ఒక ముసలాయన అట్లాగే జరిపి, వెనక వరుసలోకి పోయి కూర్చుంటేనే వచ్చింది. తెలిసి జరిపినవాడికి గౌరవం, తెలియనట్లు కొట్టుకుంటూ కూర్చున్నవాడికి చాటుగా నవ్వు. అన్న ఆ నవ్వుకు చచ్చేంత భయపడేవాడు.

రెండువేల ఏడు ఎండాకాలం చివర అన్నకు పక్షవాతం వచ్చింది. నలభై రెండేండ్ల మనిషి. పొద్దున మొహం కడుక్కుంటుంటే చేతిలోంచి చెంబు పడింది, దాని వెనకాలే మనిషి పడ్డాడు. బీదర్ దవాఖానలో పన్నెండు రోజులు పెట్టాం. మూతి సర్దుకుంది, మాట వచ్చింది, కాలు ఈడుస్తూ నడక కూడా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. వేళ్లు ఆడిస్తూ ఉంటే ఏడాది లోపల ఎంత వస్తే అంత, ఆ తర్వాత వచ్చేది తక్కువ అని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

బంతి అన్నకు నాలుగు రోజుల్లోనే విసుగొచ్చింది. చెయ్యి మళ్లీ కొంచెం లేచింది బంతితో కాదు, టీవీ గేమ్‌తో. అన్న బిడ్డకు తొమ్మిదేండ్లు. దానికి బోరంచ జాతరలో కొనిపెట్టిన చైనా డబ్బా ఒకటి ఇంట్లో ఉండేది. పసుపుపచ్చ వైరు, తెల్ల వైరు టీవీకి గుచ్చితే ఆట వస్తుంది. ఒక చిన్న మనిషి నడుస్తూ పోతుంటాడు, గుంత రాగానే కుడి బొటనవేలితో బొత్తాం నొక్కితే దూకుతాడు. నొక్కడం ఆలస్యమైతే గుంతలో పడతాడు. ఒకరోజు బిడ్డ స్నానానికి పోతే అన్న ఊరికే అది చేతిలోకి తీసుకున్నాడు. సాయంత్రం దాకా వదల్లేదు. వదినె నవ్వింది. ఇంట్లో ఎవరైనా నవ్వి అప్పటికి నెల దాటింది.

తర్వాత రోజుల్లో అన్న దాన్ని పరీక్షగా పెట్టుకున్నాడు. డోలక్ ముందర ఎందుకు కూర్చోవని అడిగితే, ఒక్కడే కొట్టుకుంటే ఎవనికైనా తాళం కుదిరినట్లే ఉంటుంది, ఎదురుగా మన కోసం ఆగనిది ఇంకోటి ఉండాలి అన్నాడు. ఆ గుంతలు ఆయన కోసం ఆగవు. పది గుంతలకు పది గుంతలు దూకిన రోజు క్రిస్మస్ పాటలకు వస్తానని పాటల గుంపు పెద్దకు మాట పంపాడు. జూలై చివరికి ఏడెనిమిది దూకుతున్నాడు. అంతవరకు ఎండిపోయినట్లున్న బొటనవేలి మొదట్లో కొంచెం కండ కూడా వచ్చింది. నేను పట్టి చూశాను.

ఆగస్టులో పిడుగు పడి టీవీ కాలిపోయింది. అదే వారం అన్నకు విష జ్వరం వచ్చింది, కీళ్లన్నీ పట్టేశాయి. జ్వరం తగ్గి లేచేసరికి నెల గడిచింది. కంది అమ్మితే తప్ప కొత్త టీవీ కొనలేమని వదినె ముందే చెప్పేసింది. కంది చేతికొచ్చేసరికి క్రిస్మస్ కూడా అయిపోతుంది. అప్పుడు నేను పెద్దరికంగా ముందుకొచ్చాను. నా పాత కంప్యూటరు ఒకటి ఇంట్లోనే మూలన పడి ఉంది. దానిలో ఒక టీవీ ట్యూనర్ కార్డు వేస్తే ఆ మానిటరే టీవీ అవుతుంది. వదినెకు సీరియళ్లు, అన్నకు ఆట. రెండు వేలలోపల పని అయిపోతుందని చెప్పాను. అన్న తన దగ్గరున్న డబ్బులు ఎడమ చేత్తో తీసి నాకిచ్చాడు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే గల్లీకి పోయాను. కౌంటర్ మనిషి నా ముందర మూడు పెట్టాడు. ఒకటి బయట పెట్టుకునే చిన్న డబ్బా. కంప్యూటర్ అవసరమే లేకుండా నేరుగా మానిటర్‌కు తగిలించుకోవచ్చు. రెండోది లోపల బిగించే చిన్న కార్డు. దాని మీద పెద్దగా ఏమీ లేదు, రేకు డబ్బా ఒకటి, నల్ల చిప్ ఒకటి. మూడోది పెద్ద కార్డు, మీద రెండు చిప్‌లు, అట్టపెట్టె మీద రంగురంగుల బొమ్మ, వచ్చిన వీడియోను తనే రికార్డు చేసి పెడుతుందని పెద్దక్షరాల్లో రాసి ఉంది.

నాకు కావలసింది ఏమిటని కౌంటర్ మనిషి అడిగాడు. మా ఇంట్లో ఆట ఆడుకోవడానికి అన్నాను.

"ఆటకైతే గీ చిన్నది తీస్కో భాయ్. పెద్దది బొమ్మను లోపటికి గుంజి, రుబ్బి ముద్ద జేసి, మళ్ల బైట పెడతది. అది రికార్డింగోళ్లకు."

ఈ మాటలు నేను విన్నాను. వినలేదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు. కానీ ఆ మాటలకు నా బుర్ర వేరే అర్థం తీసింది. దుకాణంవాడు ఎవడైనా పెద్దది అంటగట్టాలని చూస్తాడు, వీడు చిన్నది తీసుకోమంటున్నాడంటే అమ్ముడుపోని పాత సరుకు వదిలించుకోవడానికే అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఖేడ్‌లో ప్రతి ఇంట్లో పెండ్లి క్యాసెట్లు బూజు పడుతున్నాయి. వాటిని సీడీల్లోకి ఎక్కించి ఇస్తే మంచి గిరాకీ. అది చేయగలిగేది ఆ పెద్ద కార్డే. చిన్నదాని మీద పెట్టాల్సిన అన్న డబ్బులకు నావి ఇంకొన్ని కలిపి పెద్దది కొన్నాను. ఖేడ్ బస్సులో కిటికీ పక్కన కూర్చొని, అన్నకు మంచి సామాను తెచ్చాను, పైగా నా డబ్బులు కూడా పెట్టాను అని దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

బిగించిన రోజు బొమ్మ మొదట నలుపు తెలుపుల్లో వచ్చింది. వదినె పెదవి విరిచింది. నేను సెట్టింగుల్లోకి పోయి, ఒక్కొక్కటే మార్చి చూసి, చివరికి రంగులు తెప్పించాను. ఇంట్లో అందరూ నా వైపు చూశారు. ఆట డబ్బా సౌండ్ వైరు మాత్రం స్పీకరుకు అందలేదు, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు.

అన్న ఆట మొదలుపెట్టాడు. మొదటి గుంతలోనే పడ్డాడు. రెండోసారీ పడ్డాడు. జ్వరం వల్ల చెయ్యి వెనక్కి పోయిందని అందరం అనుకున్నాం, ఆయన కూడా అదే అనుకున్నాడు. వారం గడిచింది. పదింటికి ఒకటో రెండో దూకుతున్నాడు. బిడ్డ పక్కన కూర్చొని, గుంత ఇంకా దూరంగా ఉండగానే నొక్కు బాపూ అని చెప్పేది, తను అట్లాగే నొక్కి గుంతలన్నీ దాటేసేది. పిల్లలకు ఏదైనా రెండు నిమిషాల్లో అలవాటవుతుంది, ఎందుకో ఏమిటో అడగరు. అన్న మాత్రం ముందు నొక్కేవాడు కాదు. తాళానికి ముందు కొట్టినా తప్పే, వెనక కొట్టినా తప్పే అనేవాడు. ఇరవై ఏండ్లు డోలక్ కొట్టిన మనిషి దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే వేస్తాడు. అక్కడే వేసి, పదేపదే పడ్డాడు. తొమ్మిదేండ్ల పిల్ల దాటుతుంటే తను పడుతుండడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో మొహంలో తెలిసేది. నేను ఆ ఆట ఒక్కసారి కూడా ఆడి చూడలేదు. పిల్లల ఆట నేనేంటి అనుకునేవాడిని.

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం దుకాణం నుంచి అన్నానికి వచ్చాను. ఆ రోజు ప్రింటర్ చెడిపోయి, మనుషులతో మాటలు పడి, తల వేడి మీద ఉన్నాను. అన్న మానిటర్ ముందర కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, చాలా రోజుల నుంచి అడగాలనుకున్నట్లు మెల్లగా అడిగాడు.

"తమ్మీ, గీ మిషిన్ల ఏమన్న ఫరక్ ఉన్నదా? నేను ఒత్తినంక జరంత ఆగి దూకుతున్నట్టు కనవడ్తుంది."

ఒక్క నిమిషం పక్కన కూర్చొని, ఆ బొత్తాం నేను ఒకసారి నొక్కి ఉంటే సరిపోయేది. కానీ నాకు మిషిన్‌ను అన్నట్లు కాక నన్నే అన్నట్లు తగిలింది. నేను కొన్నది, నేను బిగించింది, నేను రంగులు తెప్పించింది.

"మిషిన్‌కు ఏం రోగం? నీ చెయ్యే ఆలస్యమైతుందన్నా. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ."

ఆ సామెత నోట్లోంచి వచ్చాక, ఎవరితో అన్నానో నాకు తెలిసింది. వదినె చేతిలో అన్నం గరిటె అట్లాగే ఆగిపోయింది. అన్న నా మొహం వైపు చూడలేదు. తన కుడి చేతి వైపు చూసుకున్నాడు, చాలాసేపు. తర్వాత ఆట కట్టేశాడు. నేను మాత్రం తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్లు, అన్నం తింటూ కూడా ఆ కార్డు ఎంత గొప్పదో చెబుతూనే ఉన్నాను.

ఆ ఆదివారం అన్న చర్చికి ముందుగానే పోయాడు. డోలక్ మా ఇంట్లోనే ఉండేది, ఆయన జరపలేదు కాబట్టి అప్పటిదాకా చర్చిలో అది లేకుండానే పాడేవాళ్లు. దాన్ని బిడ్డ చేత మోయించాడు. ఆరాధన మొదలుకాక ముందే దాన్ని ఎడమ చేత్తో పట్టుకొని, తన తర్వాత కొట్టాల్సినవాడి వైపు జరిపి, వెనక వరుసలోకి పోయి కూర్చున్నాడు. ఒక్క పాట కూడా కొట్టి చూడలేదు. మనుషుల ముందు తాళం తప్పి కాదు, నా కంప్యూటర్ ముందు తప్పి జరిపాడు. పద్ధతి ప్రకారం ఎవరూ ఏమీ అడగలేదు. తెలిసి జరిపిన మనిషని బయటికొచ్చాక అందరూ గౌరవంగా మాట్లాడారు.

ఆ తర్వాత అన్న ఆట ముట్టలేదు. బంతి కూడా ముట్టలేదు. ఎందుకు, ఎవరి కోసం అనేవాడు. కొన్నాళ్లకు, ఇక నీకు అవసరం లేదు కదా అని కంప్యూటర్‌ను నేను దుకాణానికి తీసుకుపోయాను. ఆ రోజు నాకు సంతోషం అని చెప్పలేను గానీ, లోపల కొంచెం తేలిక అనిపించింది. పెండ్లి క్యాసెట్ల పని బాగా నడిచింది. నాలుగైదేండ్లు ఆ కార్డు నాకు అన్నం పెట్టింది. క్యాసెట్ తనంతట తాను తిరుగుతుంది, బొమ్మ ఎప్పుడు వస్తే అప్పుడు వస్తుంది, ఆలస్యం ఎవరికి తెలుస్తుంది? అన్న చెయ్యి ఆ ఏండ్లలో మెల్లగా ముడుచుకుపోయింది. వేళ్లు అరచేతిలోకి వంగి, మోచెయ్యి రొమ్ముకు దగ్గరగా వచ్చి, అట్లాగే నిలిచిపోయింది.

రెండువేల పన్నెండులో ఒకసారి ఫొటో స్టూడియో నడిపే మనిషి తన వీడియో కెమెరా తెచ్చాడు. కెమెరాలో ఉన్నది సీడీలోకి ఎక్కించాలి. కెమెరాను కార్డుకు తగిలించి బల్ల మీద పెట్టాను. క్యాసెట్ ఇంకా తిప్పలేదు, ఎదురుగా ఉన్నది ఉన్నట్లు చూపిస్తోంది. నేను వైరు సరిచేయడానికి చెయ్యి చాపాను. మానిటర్‌లో నా చెయ్యి చాపి లేదు. కొంచెం ఆగాక ముందుకొచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కొంచెం ఆగి, బొమ్మలో చెయ్యి వెనక్కి పోయింది. వేలితో బల్ల మీద కొట్టాను. చప్పుడు అయిపోయాక బొమ్మలో వేలు కిందికి దిగింది. నాలుగుసార్లు కొట్టాను, ఆరుసార్లు కొట్టాను. స్టూడియో మనిషి నాకేమైందో తెలియక అట్లాగే నిలబడ్డాడు. గుంజి, రుబ్బి, ముద్ద చేసి అని సికింద్రాబాద్ మనిషి అన్నది అప్పుడు అర్థమైంది. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, పాత సరుకు వదిలించుకోవాలనీ చూడలేదు. అన్న వేలు సరిగ్గా పడాల్సిన చోటే పడింది. నేను కొన్నదే దాన్ని ఆపి, ఆలస్యంగా చూపించింది. ఆ రోజు మధ్యాహ్నమే షట్టర్ వేసేశాను. లోపల కూర్చొని ఏడ్చాను. నా మీద నాకు అంత అసహ్యం ముందెప్పుడూ కలగలేదు.

ఆటాడినంత మాత్రాన చెయ్యి పూర్తిగా వచ్చేదని ఇప్పుడు కూడా ఎవరూ చెప్పలేరు. రాకపోయి కూడా ఉండవచ్చు. కానీ డాక్టరు చెప్పిన ఆ ఏడాదిలో సగం ఇంకా మిగిలి ఉండగానే ఆయన మానేశాడు, నా మాట మీద మానేశాడు. చెప్పాలా వద్దా అని ఇరవై రోజులు నాలో నేను తన్నుకున్నాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. అందుకని చెప్పాను. ఈ వాక్యం రాస్తుంటే తెలుస్తోంది, నేను చెప్పింది అన్న కోసం కాదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. వదినె లోపల వంట చేస్తోంది. నేను కింద కూర్చొని మొత్తం చెప్పాను. మూడు రకాలు చూపించిన సంగతి, ఆటకు చిన్నది తీసుకోమన్న సంగతి, క్యాసెట్ల ఆశతో పెద్దది తెచ్చిన సంగతి, కెమెరా ముందు చెయ్యి చాపిన సంగతి. అన్న చివరికి ఎంత ఆలస్యమని అడిగాడు. నేను మంచం కోడు మీద వేలితో కొట్టి, కొంచెం ఆగి రెండో చెయ్యి ఎత్తి చూపించాను. అన్న ఎడమ చేత్తో తొడ మీద మెల్లగా తాళం వేసుకుంటూ, మళ్లీ చూపించమన్నాడు. మళ్లీ చూపించాను. తల ఊపాడు. అప్పుడు తనకు అనిపించింది కూడా సరిగ్గా అంతేనని చెప్పాడు.

తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. తొడ మీద తాళం ఆపి అన్నాడు.

"ఇన్నేండ్లు దేవుడు తీస్కున్నడనుకున్న. దేవునితోటి తకరారేముంటదని ఊకున్న. గిప్పుడు తీస్కున్నది నువ్వంటున్నవ్. దేవునితోని ఊకున్న గానీ, నీతోని ఏం జెయ్యాల్రా నేను?"

వదినె అన్నానికి పిలిచింది, ఇద్దరం లోపలికి పోయి తిన్నాం. అన్న ఆ తర్వాత కూడా నాతో మాటలు మానలేదు. వానల గురించి, కంది ధర గురించి, బిడ్డ చదువు గురించి మామూలుగానే మాట్లాడేవాడు.

వదినె ముందే చర్చికి పోయి ఊడ్చి చాపలు పరిచేది, అందుకని జబ్బు చేసినప్పటి నుంచి ఆదివారాలు అన్న అంగీ గుండీలు నేనే పెట్టేవాడిని. తర్వాతి ఆదివారం నేను పోయేసరికి అన్న గుండీలు పెట్టుకొని తయారుగా కూర్చున్నాడు. ఒక్క చేత్తో ఎప్పుడు మొదలుపెట్టాడో ఏమో, నుదుటి మీద చెమట పట్టి ఉంది. ఒక గుండీ తప్పి, అంగీ ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి అయింది. సరిచేద్దామని చెయ్యి చాపాను.

"ఉండనియ్," అన్నాడు, కొంచెం వెనక్కి జరిగి.